బిల్డ్ ఫెయిలైంది సరే, ఎందుకు ఫెయిలైంది? ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న లెక్క

మాధాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉదయం ఆఫీసుకు వచ్చిన ఇంజనీరు చాలాసార్లు మొదట చూసేది రాత్రి నడిచిన బిల్డుల (కోడ్‌ను నడవగల ప్రోగ్రాముగా మార్చి, టెస్టులు నడిపి చూసే ప్రక్రియ) జాబితానే. అందులో ఎర్ర గుర్తు పక్కన “విఫలం: షెల్ కమాండ్ (1)” అని మాత్రమే ఉంటే, ఏదో చెడిందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు. ఏది చెడింది, ఎవరి కమిట్ (కోడ్‌లో నమోదు చేసిన మార్పు) తరువాత చెడింది, నిన్న కూడా ఇలాగే ఉందా, చేతిలో ఉన్న పని ఆపి ఇప్పుడే చూడాల్సినంత విషయమా అన్న ప్రశ్నలకు జవాబు కావాలంటే వేల వరుసల లాగ్ తెరిచి, కింది నుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి. కోడ్ మారినప్పుడల్లా బిల్డ్‌ను తనంతట తానే నడిపే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ వ్యవస్థల్లో చాలావాటిలో ఈ ఒక్క వరుసను మనకు కావలసినట్టు మార్చుకునే వీలుంది. అయినా చాలా బృందాలు డిఫాల్ట్‌గా వచ్చినదానితోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తాయి, లేదా మార్చబోయి బిల్డ్ ఫలితాన్నే తారుమారు చేసుకుంటాయి. రెండో పొరపాటు మొదటిదానికంటే ప్రమాదకరం.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే, ఒకే చోట కనిపించే రెండు విషయాలను విడదీసి చూడాలి. బిల్డ్ స్థితి, అంటే పచ్చ, ఎరుపు, పసుపు వగైరా, యంత్రాలు అడిగే ప్రశ్నకు జవాబు. ఈ కోడ్‌ను మెయిన్ బ్రాంచిలో కలపనివ్వాలా, తరువాతి జాబ్‌ను మొదలుపెట్టాలా, సర్వర్‌లోకి పంపాలా అన్నవి ఆ స్థితిని బట్టే తేలతాయి. దాని పక్కన ఉండే సారాంశ వాక్యం మనుషుల కోసం. మనిషికి కావలసిన సమాచారం చేర్చే తొందరలో యంత్రానికి వెళ్లే జవాబును కదిలించకూడదన్నదే ఈ అనుకూలీకరణ మొత్తానికీ ఆధారమైన నియమం. వేర్వేరు వ్యవస్థలు ఈ రెండింటినీ ఎంత దగ్గరగా ముడివేశాయో, ఆ ముడి ఎక్కడ వదులుగా ఉందో తెలిస్తే మిగతాదంతా కాన్ఫిగరేషన్ పనే.

సారాంశం ఇంత కురచగా ఉండడానికి కొంత చరిత్ర ఉంది. థాట్‌వర్క్స్ సంస్థలో పుట్టి 2001లో బయటికి వచ్చిన క్రూయిజ్ కంట్రోల్ అనే ఇలాంటి వ్యవస్థ కాలంలో ఫలితం ప్రధానంగా ఈమెయిల్‌గా అందేది. మొజిల్లా వారి బిల్డ్ పర్యవేక్షణ సాధనం టిండర్‌బాక్స్ స్ఫూర్తితో బ్రయన్ వార్నర్ 2003లో విడుదల చేసిన బిల్డ్‌బాట్, ఒక్కో బిల్డర్‌కు ఒక నిలువు వరుస, బిల్డ్‌లోని ఒక్కో స్టెప్‌కు (వరుసగా నడిచే పనుల్లో ఒకటి) ఒక చిన్న పెట్టె చొప్పున జలపాతంలా కిందికి దిగే పేజీని చూపేది. ఆ పెట్టెలో రెండు మూడు మాటలకు మించి పట్టేవి కావు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకె కవాగుచి మొదలుపెట్టిన హడ్సన్, సన్‌ను కొన్న ఒరాకిల్‌తో వచ్చిన వివాదం తరువాత 2011లో జెంకిన్స్‌గా పేరు మార్చుకునేనాటికి రంగు బంతులు, వాతావరణం బొమ్మలు వచ్చాయి. ఇప్పుడు తెర మీద చోటుకు కొదవ లేదు. రెండు మూడు మాటల అలవాటు మాత్రం పోలేదు.

మూలం ఎగ్జిట్ కోడ్‌లో

ఎంత గొప్ప డాష్‌బోర్డ్ అయినా చివరికి ఆధారపడేది ఒక అంకె మీద. ప్రతి కమాండూ ముగిసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక ఎగ్జిట్ కోడ్ ఇచ్చిపోతుంది. సున్నా అయితే సఫలం, కాకపోతే విఫలం. ఈ అంకె దారిలోనే పోయినా, తప్పుగా అందినా, పైన ఎంత చక్కటి సారాంశం రాసుకున్నా అది అబద్ధమే అవుతుంది.

అంకె పోవడానికి అందరికీ తెలిసిన దారి పైపు, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను మరో కమాండ్‌కు అందించే ఏర్పాటు. టెస్టుల అవుట్‌పుట్ తెర మీదా కనిపించాలి, ఫైల్లోనూ ఉండాలి అనుకున్నవారు దాన్ని పైపు ద్వారా ‘టీ’ కమాండుకు అందిస్తారు. షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) అలవాటు ప్రకారం పైపు వరుస మొత్తానికీ చివరి కమాండ్ ఇచ్చిన కోడే లెక్కకు వస్తుంది. టెస్టులు పదీ విఫలమైనా, ఫైల్లో రాసే పని సవ్యంగా ముగిసింది కనుక బిల్డ్ పచ్చగానే ఉంటుంది. దీనికి విరుగుడు బ్యాష్ అనే షెల్‌లోని ‘పైప్‌ఫెయిల్’ ఆప్షన్, వరుసలో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమే అంటుంది. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులోని బిల్డ్ వ్యవస్థ గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఇంకో మెలిక ఉంది. లినక్స్ రన్నర్‌పై (జాబ్‌లు నడిపే యంత్రం) షెల్ ఏదో చెప్పకుండా వదిలేస్తే బ్యాష్ ‘-e’ ఆప్షన్‌తో (కమాండ్ విఫలమైతే అక్కడే ఆగే అమరిక) మాత్రమే నడుస్తుంది. ‘షెల్: బ్యాష్’ అని స్పష్టంగా రాస్తేనే పైప్‌ఫెయిల్ కూడా కలుస్తుంది. ఒక్క వరుస ఉండటం, లేకపోవడం వల్ల బిల్డ్ ఎర్రబడేదీ పచ్చగా మిగిలేదీ తేలిపోతుంది. వర్క్‌ఫ్లో ఫైలును రివ్యూ చేసేవారిలో ఎందరు దీన్ని గమనిస్తారన్నది వేరే సంగతి.

కోడ్ సరిగానే అందినా దాని అర్థాన్ని చదవడం మరో పని. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ 1 ఇస్తే టెస్టులు విఫలమయ్యాయని, 2 ఇస్తే మధ్యలో ఎవరో ఆపారని, 4 ఇస్తే కమాండ్‌నే తప్పుగా రాశారని, 5 ఇస్తే అసలు ఒక్క టెస్టూ దొరకలేదని అర్థం. ఈ చివరిది ముఖ్యం. ఫోల్డర్ పేరు మార్చినప్పుడు టెస్టులన్నీ కనిపించకుండా పోవచ్చు. అప్పుడు “టెస్టులు విఫలం” అని చూపిస్తే, లేని బగ్ కోసం ఒకరు పూట పోగొట్టుకుంటారు. పాఠంలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్ అయితే వెతికిన పదం దొరకకపోయినా 1 ఇస్తుంది, అది తప్పిదమే కాదు. 137 కనబడితే 128కి 9 కలిపిన లెక్క. అంటే ఆ ప్రాసెస్‌ను 9వ సిగ్నల్‌తో బలవంతంగా ఆపేశారని. కంటెయినర్లలో (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే పరిధులు) దీనికి తరచూ కారణం మెమరీ చాలకపోవడం, కానీ ప్రతిసారీ అదే కావాలని లేదు. కనుక సారాంశంలో “మెమరీ చాలలేదు” అని తేల్చి రాయడం కంటే “బలవంతంగా ఆపివేయబడింది (137), మెమరీ వినియోగం చూడండి” అని రాయడం నిజాయితీ. ఇలాంటి ఐదారు కోడ్‌లకు వాక్యాలు కట్టి ఒక చిన్న పట్టికగా పెట్టుకుంటే, సారాంశంలో రావలసిన మెరుగులో సగం అక్కడే వచ్చేస్తుందని నా అభిప్రాయం.

స్టెప్ నుంచి బిల్డ్ దాకా

ఒక బిల్డ్‌లో ఇరవై స్టెప్‌లు ఉంటే ఇరవై ఫలితాలు, ఇరవై వాక్యాలు తయారవుతాయి. జాబితా పేజీలో కనిపించేది ఒక్కటే. కింది వాక్యాల్లో ఏది పైకి రావాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు నేను చూసిన వ్యవస్థల్లో అన్నిటికంటే దాపరికం లేకుండా జవాబిచ్చేది బిల్డ్‌బాట్. అది ఇప్పుడు అంత విరివిగా వాడుకలో లేకపోయినా, దాని పద్ధతి తెలిస్తే మిగతావి ఏం చేస్తున్నాయో తేలికగా పట్టుకోవచ్చు కనుక కొంచెం వివరంగా చూద్దాం.

బిల్డ్‌బాట్‌లో ప్రతి స్టెప్‌కూ ఒక ఫలితం ఉంటుంది: విజయానికి 0, హెచ్చరికలకు 1, వైఫల్యానికి 2, దాటవేతకు 3, ఎక్సెప్షన్‌కు 4, మళ్లీ ప్రయత్నానికి 5, రద్దుకు 6. ఈ అంకెలు తీవ్రతకు కొలత కావు. దాటవేతకు 3 ఉన్నంత మాత్రాన అది 2 అంకె ఉన్న వైఫల్యం కంటే చెడ్డది కాదు. స్టెప్ ఫలితం బిల్డ్‌పై ఎలా పడాలో వేరే ఫ్లాగులు చెబుతాయి. ‘ఫ్లంక్ ఆన్ ఫెయిల్యూర్’ ఉంటే స్టెప్ విఫలమైనప్పుడు బిల్డ్ కూడా విఫలం. ‘వార్న్ ఆన్ ఫెయిల్యూర్’ మాత్రమే ఉంటే బిల్డ్ ఫలితం విఫలం కాకుండా హెచ్చరికగా పడుతుంది. ‘హాల్ట్ ఆన్ ఫెయిల్యూర్’ ఉంటే తరువాతి స్టెప్‌లు నడవవు. కంపైల్ స్టెప్‌కు ఇది డిఫాల్ట్‌గానే ఉంటుంది, ఎందుకంటే కంపైల్ కాని కోడ్‌కు టెస్టులు నడిపి ప్రయోజనం లేదు. ‘ఆల్వేస్ రన్’ ఉన్న స్టెప్‌లు మాత్రం ఏం జరిగినా నడుస్తాయి.

వాక్యం సంగతి దీనికి పూర్తిగా విడిగా ఉంటుంది. స్టెప్ నడుస్తున్నంతసేపూ ‘గెట్ కరెంట్ సమ్మరీ’ అనే మెథడ్, ముగిశాక ‘గెట్ రిజల్ట్ సమ్మరీ’ అనే మెథడ్ వాక్యాన్ని ఇస్తాయి. రెండోది తిరిగిచ్చే డిక్షనరీలో (పేరు, దాని విలువ జతలుగా ఉండే పట్టిక) ‘స్టెప్’, ‘బిల్డ్’ అని రెండు కీలు, అంటే పేర్లు, ఉండవచ్చు. మొదటిదాన్ని ఆ స్టెప్ పక్కన చూపిస్తారు, రెండోది బిల్డ్ మొత్తం సారాంశంలో చేరుతుంది. అంటే ఒకే సంఘటన గురించి దగ్గర నుంచి చూసేవారికి ఒక మాట, దూరం నుంచి చూసేవారికి మరో మాట చెప్పే వీలు డిజైన్‌లోనే ఉంది. స్టెప్ పక్కన “842 పాస్, 1 విఫలం, 3 దాటవేత, 4 నిమిషాలు” అని రాసి, బిల్డ్ స్థాయిలో “బిల్లు గడువు టెస్ట్ విఫలం” అని మాత్రమే రాయవచ్చు.

రెండో కీని మనం రాయకపోతే ఏమవుతుందన్నదానికి ‘అప్‌డేట్ బిల్డ్ సమ్మరీ పాలసీ’ అనే అమరిక ఉంది. ఏమీ చెప్పకపోతే ఎక్సెప్షన్, మళ్లీ ప్రయత్నం, రద్దు అనే ఫలితాలు వచ్చిన స్టెప్‌ల వాక్యాలు బిల్డ్ సారాంశంలోకి వస్తాయి. వైఫల్యాన్ని పట్టించుకోమని చెప్పే ఫ్లాగుల్లో ఏదైనా ఉంటే విఫలమైన స్టెప్‌ల వాక్యాలు, హెచ్చరికలను పట్టించుకోమనే ఫ్లాగుల్లో ఏదైనా ఉంటే హెచ్చరికలు వచ్చిన స్టెప్‌ల వాక్యాలు కూడా వాటితో చేరతాయి. ‘ట్రూ’ అని పెడితే అన్నీ వస్తాయి, ‘ఫాల్స్’ అని పెడితే ఏదీ రాదు, జాబితా ఇస్తే అందులో ఉన్న ఫలితాలకే వస్తుంది. మనమే మెథడ్‌ను తిరగరాసి ‘బిల్డ్’ కీ ఇచ్చేస్తే ఈ పాలసీని పక్కనపెట్టి ఆ వాక్యాన్నే వాడుకుంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. పాలసీ మార్చినా సారాంశం మారడం లేదంటే, ఎప్పుడో ఎవరో రాసిన కస్టమ్ క్లాసు ‘బిల్డ్’ కీ ఇస్తున్నదేమో ముందు చూడాలి.

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మిగిలింది. స్టెప్ క్లాసులో స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు ఒక లాగ్ అబ్జర్వర్‌ను తగిలిస్తే వరుసలు వస్తున్నకొద్దీ దానికి అందుతాయి. మనకు కావలసిన నమూనాతో పోల్చి లెక్కపెట్టుకుని, ఆ లెక్కను సారాంశం మెథడ్‌లో వాక్యంగా కూర్చాలి. లాగ్‌ను నమూనాలతో గాలించడం పెళుసు పద్ధతి. టెస్ట్ టూల్ వెర్షన్ మారి ఒక కామా చోటు మారినా లెక్క సున్నా అవుతుంది. టెస్ట్ టూల్ జేయూనిట్ తరహా ఎక్స్‌ఎంఎల్ నివేదిక (ఫలితాలను యంత్రం చదవగల నిర్ణీత రూపంలో ఇచ్చే ఫైలు) ఇవ్వగలిగితే అందులోంచి లెక్క తీసుకోవడమే మేలు. ఇంకా ముఖ్యంగా, లెక్క దొరకనప్పుడు “0 విఫలం” అని కాకుండా “లెక్క దొరకలేదు” అని రాయించాలి.

ముడి వదులుగా ఉన్న చోట్లు

జెంకిన్స్‌లో వైఫల్యానికీ విజయానికీ మధ్య ‘అన్‌స్టేబుల్’ అనే మూడో స్థితి ఉంది. కోడ్ కంపైలయింది, టెస్టులు కొన్ని పోయాయి అన్న పరిస్థితికి దాన్ని వాడతారు. పైప్‌లైన్ నడుస్తుండగా ‘కరెంట్ బిల్డ్’ వస్తువులోని ఫలితాన్ని మార్చవచ్చు గానీ అధ్వాన్నం వైపే మార్చగలం. ఒకసారి విఫలమని పడ్డాక విజయంగా దిద్దడం కుదరదు. ఇది మంచి కట్టడి. అదే వస్తువులోని ‘డిస్‌ప్లే నేమ్’, ‘డిస్క్రిప్షన్’లను మాత్రం ఎప్పుడైనా, ఎలాగైనా మార్చుకోవచ్చు, వాటివల్ల ఫలితానికి ఏమీ కాదు. సారాంశం అక్కడే రాసుకోవాలి. ‘క్యాచ్ ఎర్రర్’ అనే స్టెప్‌తో ఒక దశ ఫలితాన్నీ బిల్డ్ ఫలితాన్నీ వేర్వేరుగా పెట్టవచ్చు. దశ ఎర్రగా, బిల్డ్ పచ్చగా ఉండేలా చేయడం దీనితో సాధ్యం కనుక దీన్ని వాడిన ప్రతిచోటా ఎందుకు వాడామో సారాంశంలో కనిపించాలి. లేదంటే ఆరు నెలల తరువాత ఆ ఎర్ర దశను చూసే అలవాటే పోతుంది.

జెంకిన్స్ పేజీలోని వాతావరణం బొమ్మ గురించి ఒక మాట. గత ఐదు బిల్డుల్లో ఎన్ని నిలిచాయన్న లెక్కతో ఎండ, మబ్బు, వాన చూపించడం ముచ్చటగానే ఉంటుంది. కానీ ఐదింటిలో ఒకటి విఫలమైతే ఆ ఒకటి ఈ ఉదయానిదా, పోయిన వారానిదా అన్నది బొమ్మ చెప్పదు. నేనైతే దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోను.

గిట్‌హబ్‌లో పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ సారాంశానికి మూడు వేర్వేరు చోట్లున్నాయి. పాతదైన కమిట్ స్టేటస్‌లో ఎర్రర్, ఫెయిల్యూర్, పెండింగ్, సక్సెస్ అనే నాలుగు స్థితులే ఉంటాయి, వివరణకు 140 అక్షరాల పరిమితి. 2018లో వచ్చిన చెక్స్‌లో శీర్షిక, సారాంశం, కోడ్ వరుసల పక్కనే వ్యాఖ్యలు పెట్టే వీలుంది. తటస్థం, దాటవేత, గడువు మీరింది వంటి ఫలితాలు కూడా చేరాయి. 2022లో యాక్షన్స్‌కు జాబ్ సమ్మరీ వచ్చింది. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపించే ఫైలులోకి మార్క్‌డౌన్ రాస్తే రన్ పేజీలో పట్టికలతో సహా కనిపిస్తుంది. ఒక్కో స్టెప్‌కు 1 మెబీబైట్ పరిమితి, ఒక జాబ్‌కు గరిష్ఠంగా 20 స్టెప్‌ల సారాంశాలే చూపిస్తుంది. స్టెప్ ముగిశాక తరువాతి స్టెప్‌లు దాన్ని మార్చలేవు. చోటు చాలా ఉంది కదా అని లాగ్ మొత్తం అందులో కుమ్మరించిన వర్క్‌ఫ్లోలు కనిపిస్తుంటాయి. అప్పుడు చదివేవారు మళ్లీ మొదటికే వస్తారు.

ఇక్కడ ముడి ఎక్కడ వదులైందో చెప్పే రెండు సంగతులున్నాయి. ఒక స్టెప్‌కు ‘కంటిన్యూ ఆన్ ఎర్రర్’ పెడితే దానికి రెండు ఫలితాలు ఏర్పడతాయి: నిజంగా జరిగింది ‘అవుట్‌కమ్’లో, మినహాయింపు ఇచ్చాక మిగిలింది ‘కంక్లూజన్’లో. స్టెప్ విఫలమైనా కంక్లూజన్ సక్సెస్‌గా ఉంటుంది. సారాంశం రాసే స్క్రిప్ట్ కంక్లూజన్‌ను చదివితే “అంతా సవ్యం” అని రాస్తుంది. చదవవలసింది అవుట్‌కమ్‌ను. రెండోది దాటవేసిన జాబ్ గురించి. షరతు కుదరక జాబ్ నడవకపోతే అది సక్సెస్‌గా నమోదవుతుంది, తప్పనిసరి చెక్ అయినా సరే మెర్జ్‌ను (కోడ్‌ను మెయిన్ బ్రాంచిలో కలపడాన్ని) ఆపదు. అదే వర్క్‌ఫ్లో మొత్తాన్ని ఫైల్ పాత్‌ల ఫిల్టర్‌తో దాటవేస్తే చెక్ పెండింగ్‌లో ఉండిపోయి మెర్జ్ ఆగిపోతుంది. ఒకటి నిశ్శబ్దంగా వదిలేస్తుంది, మరొకటి కారణం చెప్పకుండా పట్టుకుంటుంది. రెండు చోట్లా “ఈ జాబ్ నడవలేదు, ఫలానా షరతు వల్ల” అన్న వాక్యం అవసరం, ఆ వాక్యం డిఫాల్ట్‌గా ఎక్కడా రాదు.

గిట్‌ల్యాబ్ ‘అలౌ ఫెయిల్యూర్’ అమరికలో ఎగ్జిట్ కోడ్‌లను విడిగా పేర్కొనే వీలిచ్చింది. ఫలానా కోడ్ వస్తే హెచ్చరికగా చూడు, వేరే ఏది వచ్చినా విఫలమే అని చెప్పవచ్చు. “ఈ జాబ్ ఎలా పోయినా పర్వాలేదు” అనడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. టీమ్‌సిటీలో అయితే స్క్రిప్ట్ తన అవుట్‌పుట్‌లోనే ఒక ప్రత్యేక వరుస అచ్చువేసి బిల్డ్ స్థితి పాఠాన్ని మార్చవచ్చు. అందులో ‘బిల్డ్ స్టేటస్ టెక్స్ట్’ అనే పూరకాన్ని ఉంచితే సర్వర్ తయారుచేసిన మామూలు వాక్యం అక్కడ వస్తుంది, మన మాట దానికి ముందో వెనుకో చేరుతుంది. ఉన్న వాక్యాన్ని చెరిపేయకుండా తోక తగిలించే ఈ పద్ధతి అన్ని వ్యవస్థలకూ ఉంటే బాగుండేది.

అర్ధరాత్రి దాటాక

మంచి సారాంశం ఏం చేయగలదో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. గచ్చిబౌలిలోని ఒక బృందం కరెంటు బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తోందనుకుందాం. రాత్రి బిల్డ్ మన సమయం 2 గంటలకు మొదలవుతుంది. బిల్డ్ సర్వర్ గడియారం చాలా చోట్ల ఉన్నట్టే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, అంటే అక్కడ ముందు రోజు రాత్రి 8:30. బిల్లు గడువు తేదీని లెక్కించే టెస్ట్‌లో కోడ్ భారత కాలమానం ప్రకారం ‘నేడు’ను తీసుకుంటుంది, టెస్ట్ మాత్రం సర్వర్ గడియారం చూస్తుంది. మనకు అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 వరకు ఈ రెండు తేదీలకూ ఒక రోజు తేడా ఉంటుంది. కాబట్టి టెస్ట్ రాత్రి విఫలమవుతుంది, ఉదయం పదింటికి మళ్లీ నడిపితే పాసవుతుంది. “మళ్లీ నడిపితే పచ్చబడింది” అన్న ఒక్క అనుభవంతో దానికి ఫ్లేకీ (కారణం లేకుండా ఒకసారి పాసై, ఒకసారి పోయేది) అని ముద్ర పడుతుంది. వెంటనే ఎవరో మూడుసార్లు తిరిగి ప్రయత్నించే అమరిక పెడతారు. రాత్రి రెండున్నరకు మూడుసార్లు నడిపినా మూడుసార్లూ పోతుంది.

డిఫాల్ట్ వాక్యం “విఫలం: పైటెస్ట్ (1)”. దాని స్థానంలో ఇది ఉంటే ఎలా ఉంటుందో చూడండి: “బిల్లు గడువు టెస్ట్ విఫలం, తేదీలో 1 రోజు తేడా. వరుసగా 6వ రాత్రి, ఇదే కమిట్ పగటి బిల్డుల్లో పాస్. ప్రారంభం 2:00 (భారత కాలమానం), 20:30 (యూటీసీ). 842 పాస్, 3 దాటవేత.” ఇందులో కొత్త తెలివితేటలేమీ లేవు. టెస్ట్ పేరు, అసర్షన్ సందేశం (ఆశించినదానికీ వచ్చినదానికీ తేడా చెప్పే వాక్యం) నివేదికలోనే ఉన్నాయి, ముందు బిల్డుల ఫలితాలు సర్వర్ దగ్గరే ఉన్నాయి, సమయం ఎప్పుడూ ఉంటుంది. కానీ వరుస రాత్రులు, పగటి బిల్డులు, రెండు గడియారాలు ఒకే చోట కనిపించేసరికి ఎవరైనా టైమ్‌జోన్ మాట ఎత్తుతారు. స్థితి ఎర్రగానే ఉంది, దాన్ని మనం ముట్టుకోలేదు.

వాక్యంలో ఏది ముందుండాలన్నది కూడా ఈ ఉదాహరణలో కనిపిస్తుంది. జాబితా పేజీలు, ఫోన్ నోటిఫికేషన్లు వాక్యం చివరను కత్తిరిస్తాయి, కనుక మొదటి నాలుగైదు మాటల్లో విఫలమైనదాని పేరు రావాలి. బ్రాంచి పేరు, బిల్డ్ నంబరు, “నమస్కారం” వంటివి ముందు పెడితే అసలు విషయం చుక్కల వెనక్కి పోతుంది. ఒకేసారి నలభై టెస్టులు పోయినప్పుడు నలభై పేర్లు పెట్టడం కంటే మొదట పోయినదాని పేరు, మిగతావాటి సంఖ్య చాలు. నలభై టెస్టులూ ఒకే డేటాబేస్ కనెక్షన్ దొరకక పోయి ఉంటే ఆ కారణం ఒక్కటి చాలు. కొత్తగా పోయినవీ, నిన్నటి నుంచీ పోతున్నవీ విడదీయడం అన్నిటికంటే విలువైన పని. ఎవరి కమిట్‌ను చూడాలో దాన్నిబట్టే తేలుతుంది.

సమయాలను రెండు గడియారాల్లో ఇవ్వడం హైదరాబాద్ బృందాలకు అలంకారం కాదు. వేసవిలో అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 అయ్యేసరికి ఇక్కడ సాయంత్రం 6:30. మనవారు బయలుదేరే వేళకు అక్కడివారు కూర్చుంటారు. సాయంత్రం ఎర్రబడిన బిల్డ్ గురించి రాసిన వాక్యం, పక్కన ఎవరూ లేకుండా, సందర్భం తెలియనివారికి అర్థం కావాలి. “నిన్నటిలాగే” అన్న మాట ఇక్కడ పనికిరాదు, ఎవరి నిన్న?

తెలుగు డేటా ఉన్న ప్రాజెక్టులకు ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న గుర్తు) 3 బైట్లు పడతాయి. “శ్రీ” కంటికి ఒక్క అక్షరమే అయినా శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి నాలుగు కోడ్ పాయింట్లు, 12 బైట్లు. వినియోగదారు పేరు ఉన్న అసర్షన్ సందేశాన్ని స్క్రిప్ట్ బైట్ల లెక్కన కత్తిరిస్తే చివర ప్రశ్నార్థకం ఉన్న డైమండు గుర్తులు మిగులుతాయి, కోడ్ పాయింట్ల లెక్కన కత్తిరిస్తే “శ్” అని వేలాడుతుంది. పదం దగ్గర కత్తిరించడం ఉత్తమం. లొకేల్ (భాష, అక్షరాల అమరిక) పెట్టని లినక్స్ ఏజెంటుపై (బిల్డ్ నడిపే యంత్రం) పాత జావా వెర్షన్లు తెలుగంతటినీ ప్రశ్నార్థకాలు చేసేస్తాయి. జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయ్యాక ఫైళ్లు రాసేచోట ఈ బెడద చాలావరకు తగ్గింది.

బయటి నుంచి వచ్చే పాఠాన్ని సారాంశంలో చేర్చేటప్పుడు కాస్త అనుమానంతో ఉండాలి. పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమని చేసే అభ్యర్థన) శీర్షిక, బ్రాంచి పేరు, కమిట్ సందేశం ఎవరైనా ఏమైనా రాయగల చోట్లు. వాటిని నేరుగా షెల్ స్క్రిప్ట్‌లోకి అతికిస్తే రాసినవారి కమాండ్లు మన రన్నర్‌పై నడిచే ప్రమాదం ఉంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా తీసుకుని, కొటేషన్లలో వాడాలి. జెంకిన్స్ బిల్డ్ వివరణలో డిఫాల్ట్‌గా హెచ్‌టీఎంఎల్ పనిచేయకపోవడం చూసి విసుక్కునేవారున్నారు, అది ఈ కారణంతోనే పెట్టిన అడ్డు. రంగులు కావాలంటే సురక్షిత హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే అనుమతించే ఫార్మాటర్‌కు మారాలి. రహస్య కీలను వ్యవస్థ నక్షత్రాలుగా మారుస్తుందన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. కీ ఉన్నదున్నట్టు వస్తేనే అది పట్టుకుంటుంది, బేస్64 (డేటాను వేరే అక్షరాల్లో రాసే పద్ధతి) లోకి మారిన రూపాన్ని పట్టుకుంటుందన్న హామీ లేదు.

ఇక ఎవరికి, ఎప్పుడు పంపాలన్న విషయం. ప్రతి పచ్చ బిల్డూ టీమ్ గ్రూపులోకి వచ్చిపడితే రెండు రోజుల్లో అందరూ మ్యూట్ చేస్తారు. స్థితి మారినప్పుడే చెప్పడం సరైన పద్ధతి. జెంకిన్స్ డిక్లరేటివ్ పైప్‌లైన్ ‘పోస్ట్’ విభాగంలో దీనికి రెండు షరతులు సిద్ధంగా ఉన్నాయి. ముందు బిల్డ్ బాగుండి ఇది చెడితే ‘రిగ్రెషన్’, ముందుది విఫలమై లేదా అన్‌స్టేబుల్‌గా ఉండి ఇది బాగుపడితే ‘ఫిక్స్డ్’. మొదటిది గ్రూపుకు, వరుసగా కొనసాగుతున్న వైఫల్యం సంబంధిత వ్యక్తికి మాత్రమే వెళ్లేలా పెట్టుకుంటే సరిపోతుంది. రంగుతోపాటు మాట కూడా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. ఎరుపు, పచ్చల తేడా స్పష్టంగా కనిపించనివారు ప్రతి పెద్ద ఆఫీసులోనూ ఉంటారు.

సారాంశాన్నీ పరీక్షించాలి

కస్టమ్ సారాంశం రాశాక అది పచ్చ బిల్డ్‌లో బాగా కనిపిస్తోందని చూసి వదిలేస్తారు. అది అక్కరకొచ్చేది బిల్డ్ చెడినప్పుడు కదా. ఒక ప్రత్యేక బ్రాంచిలో కావాలని ఒక టెస్ట్‌ను విఫలం చేసి, తరువాత కంపైల్ కాని వరుస ఒకటి పెట్టి, తరువాత టెస్టుల ఫోల్డర్ పేరు మార్చి, చివరగా నడుస్తున్న ప్రాసెస్‌ను 9వ సిగ్నల్‌తో ఆపి, నాలుగుసార్లూ ఏ వాక్యం వచ్చిందో చూడాలి. నాలుగింటికీ ఒకే వాక్యం వస్తే చేసిన పని వృథా. ఏదో ఒకదానిలో సారాంశం రాసే స్క్రిప్టే ఎక్సెప్షన్‌తో ఆగిపోవచ్చు. అప్పుడు ఆ స్క్రిప్ట్ వైఫల్యం వల్ల బిల్డ్ రంగు మారకుండా, ఆ సంగతి మాత్రం కనిపించేలా చూసుకోవాలి.

ఐదో పరీక్ష బిల్డ్ నడుస్తున్న యంత్రాన్నే ఆపేయడం. బిల్డ్‌బాట్‌లో వర్కర్ (బిల్డ్ నడిపే యంత్రం) మధ్యలో తెగిపోతే ఫలితం ‘మళ్లీ ప్రయత్నం’గా పడి బిల్డ్ తిరిగి వరుసలో చేరుతుంది. కానీ బయటి స్క్రిప్ట్‌తో గిట్‌హబ్ కమిట్ స్టేటస్ పెట్టుకునే ఏర్పాట్లలో, మొదట్లో పెట్టిన ‘పెండింగ్’ను దించే దిక్కు ఉండదు. చివరి స్టెప్‌లో రాయాల్సిన సారాంశం ఆ యంత్రంతోనే పోయింది. అందుకే పెండింగ్ పెట్టేటప్పుడే ప్రారంభ సమయం, యంత్రం పేరు వివరణలో రాసి, వేరే యంత్రంపై ఒక చిన్న షెడ్యూల్డ్ జాబ్ పెట్టి, మామూలు వ్యవధికి రెండింతలు దాటిన పెండింగ్‌లను ‘ఎర్రర్’కు మార్చి “ఏజెంట్ నుంచి జవాబు లేదు, చివరిగా నడిచిన స్టెప్: ఫలానా” అని రాయించాలి. ఆ చివరి స్టెప్ పేరు తెలియాలంటే ప్రతి స్టెప్ మొదలైనప్పుడల్లా వివరణను తిరగరాస్తూ ఉండాలి. 140 అక్షరాల్లో అది హాయిగా పడుతుంది.